కమిటీలో మనకు కూడా ఒక కుర్చీ ఉండాలె

(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సంఘం లీడర్ చేసిన ప్రసంగం)

 నేను పదో తరగతి చదివిన. మైకు పట్టుకొని మాట్లాడుడు అలవాటు లేదు, అందుకే రాసుకొని వచ్చిన. తప్పులుంటే ఏమనుకోకండి.

పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ లెక్కలు కోశాధికారి అక్క చెప్పింది. నేను ఒక కూరగాయల బండి గురించి చెప్త.

మన తెల్లాపూర్ 2018లో పంచాయతీ నుంచి మున్సిపాలిటీ అయింది. ఇటు నల్లగండ్ల దిక్కు, అటు కొల్లూరు దిక్కు చూస్తుండంగనే టవర్లు లేచినయి. ఇండ్లు ముందు వచ్చినయి. రోడ్లు, మోరీలు వెనక వస్తున్నయి. అందుకని ఆ ఇండ్లల్లో ఉండేటోళ్లు కూడా సంఘాలు పెట్టుకున్నరు. కాలనీకి ఒక సంఘం ఉన్నది, తెల్లాపూర్ నెయిబర్‌హుడ్ అసోసియేషన్ అని అందరిని కలిపేది కూడా ఉన్నది. రోడ్డుకు కొందరు, చెరువుకు కొందరు, చెత్తకు కొందరు అని పని పంచుకొని తిరుగుతరు. దీనికి జీతం లేదు. ఆఫీసు అయినంక, ఆదివారం పూట చేసే పని.

మా బస్తీ పక్కన కూడా అట్లాంటి ఒక కాలనీ ఉన్నది. పేరు వద్దు. పోయిన వానకాలం ముందు ఆ కాలనీ రోడ్డు కమిటీ వాళ్లు, గేటు దగ్గర బండ్లతోని సాయంత్రం ట్రాఫిక్ ఆగిపోతున్నదని ఫొటోలు తీసి దరఖాస్తు పెట్టిన్రు. రెండు రోజుల్లో బండ్లు తీయాలని వచ్చి చెప్పిపోయిన్రు. ఆ ఫొటోలో ముందున్న బండి మా సంఘం సభ్యురాలిది.

ఆమె సంఘంలో 50,000 రూపాయలు అప్పు తీసుకున్నది. బండి ఆగితే వాయిదా ఆగుతది. వాయిదా ఆగితే బ్యాంకు అడిగేది ఆమె ఒక్కదాన్ని కాదు, మా పది మందిని. అందుకే అది ఆమె ఒక్కదాని కష్టం కాదు, సంఘం కష్టం.

ఆ వారం మీటింగ్‌లో మస్తు కోపాలు వచ్చినయి. మాలో ముగ్గురు అదే కాలనీలో ఇంటిపని చేస్తరు. "ఒక్కరోజు అందరం పనికి పోవద్దు, అప్పుడు తెలుస్తది" అని ఒకామె అన్నది. మాలో పెద్దామె మాత్రం, "వాళ్ల దగ్గరికి పోయి ఒక్కసారన్న అడిగినమా?" అన్నది. ఎవ్వరం మాట్లాడలే. తీర్మానాల పుస్తకంలో రాసుకొని, ఆదివారం అయిదుగురం పోయినం.

గేటు కాడ వాచ్‌మన్ ఆపిండు. రోజూ అదే గేటు దాటి పనికి పోయే మా వాళ్లను, ఆ రోజు "ఏం పని మీద?" అని అడిగిండు. "కమిటీతో మాట్లాడాలె" అని చెప్పినం. ఆ మాట చెప్పంగ నా గొంతు వణికింది. ఇప్పుడు నవ్వుకుంట చెప్తున్న గానీ ఆ రోజు భయమైంది.

లోపల కూర్చోబెట్టిన్రు. రిటైరైన ఒక సారు, సాఫ్ట్‌వేర్ చేసే ఒక మేడమ్ ఉన్నరు. వాళ్ల రిజిస్టర్ తీసి చూపించిన్రు. ఏ తేదీన ఏ దరఖాస్తు ఇచ్చిన్రు, రసీదు నంబర్ ఎంత, మళ్ల ఎవరు పోయి అడిగిన్రు, ఏం జవాబు వచ్చింది, అంతా రాసి ఉన్నది. నాకు మన మినిట్స్ పుస్తకం యాదికొచ్చింది. ఇది మనకు రాని విద్య కాదు కదా అనిపించింది.

అప్పుడు తెలిసింది, ఆ మలుపు కాడ బడి నుంచి వచ్చే పిల్లగానికి స్కూటర్ తగిలి చెయ్యి విరిగిందట. అందుకే దరఖాస్తు ఇచ్చిన్రట. ఆ సంగతి మాకు తెల్వదు. మా ఆమెకు వీధి వ్యాపారి గుర్తింపు కార్డు ఉన్నదని, బండి మీద అప్పు ఉన్నదని వాళ్లకు తెల్వదు. రెండు దిక్కులా మంచోళ్లే ఉన్నరు. ఒకరి సంగతి ఒకరికి తెల్వకపోయేసరికి ఒక ఇంట్ల పొయ్యి ఆరిపోయే కాడికి వచ్చింది.

అందరం కలిసి సాయంత్రం ఆ మలుపు కాడ నిలబడి చూసినం. బండ్ల కన్నా, బండ్ల ముందు ఆపే కార్లతోనే దారి మూసుకుపోతున్నది. టేపు పెట్టి కొలిచినం. మలుపుకు నలభై అడుగులు అవతల, గోడ పక్కన బండ్లు ఒక వరుసలో పెట్టుకోవాలె, ఎవరి చెత్తబుట్ట వాళ్లు పెట్టుకోవాలె అని మేము ఒప్పుకున్నం. కార్లు అక్కడ ఆపకుండ వాళ్ల వాళ్లకు వాళ్లు చెప్పాలె. ఆ చోట గీత గీసి ఇవ్వాలని ఇద్దరం సంతకాలు పెట్టి మళ్ల దరఖాస్తు ఇచ్చినం.

అంతా మంచిగ అయిపోయిందని చెప్తే అబద్ధమైతది. కొత్త చోటికి పోయిన మొదటి నెల మా ఆమెకు బేరం సగం పడిపోయింది. ఆ నెల వాయిదాకు సంఘం పొదుపు నుంచి సర్దినం. పండ్ల బండి ఆయన ఓర్చుకోలేక వేరే దిక్కు పోయిండు. గీత ఇంకా గీయలేదు, అడుగుతనే ఉన్నం. కానీ బండి ఉన్నది, మలుపు కాడ పిల్లలు నడుస్తున్నరు.

ఆ తర్వాత మా ఆర్పీ అక్క చట్టం సంగతి చెప్పింది. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. సర్వే చేసి సర్టిఫికెట్లు ఇచ్చేదాక ఉన్నోళ్లను తీసెయ్యొద్దు. తీయాలన్నా, వేరే చోటికి మార్చాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాలె. టౌన్ వెండింగ్ కమిటీలో వందకు 40 మందికి తక్కువ కాకుండ వ్యాపారులే ఉండాలె, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలె. మాకు ఇది ముందే తెలిస్తే "రెండు రోజులు" అన్ననాడే నోటీసు ఏదని అడిగేటోళ్లం. బండి ఉన్న ప్రతి సభ్యురాలు గుర్తింపు కార్డు భద్రంగ పెట్టుకోవాలె. లేనోళ్లు ఆర్పీ అక్కకు పేరు ఇవ్వాలె.

వాళ్ల దగ్గర నేను నేర్చుకున్నవి మూడు. ఒకసారికి ఒక్క సమస్యే పట్టుకోవాలె. దానికి ఒక మనిషి పేరు, ఒక తేదీ రాసుకోవాలె. నోటిమాట కాదు, దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోవాలె. పని కాకపోతే సోమవారం సంగారెడ్డి కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉన్నది. దరఖాస్తు ఎక్కడ ఆగిందో 2005 సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజుల్లో చెప్పాలె.

వాళ్లు మన దగ్గర నేర్చుకోవాల్సింది కూడా ఉన్నది. మా గల్లీ ఖాళీ ప్లాటులో చెత్త కాలబెడుతుంటే ఆ పొగ వాళ్ల బాల్కనీలకు కూడా పోతుండె. ఎవరు కాలబెడుతున్నరో వాళ్ల ఫొటోల్లో దొరకలే. ఏ టైంకు ఏ ట్రాలీ వచ్చి పోసిపోతదో, ఆ చెత్త ఏ దిక్కు నుంచి వస్తదో మాకు తెలుసు. చెత్త నియమాల ప్రకారం బయట కాలబెట్టొద్దు, తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి ఇవ్వాలె. ఆ మాట రాసి, ట్రాలీ వచ్చే టైం కూడా రాసి, ఇద్దరం కలిసి ఇచ్చినం. ఇప్పుడు ఆ ప్లాటులో కాలబెట్టుడు తగ్గింది.

కాబట్టి సమాఖ్య ముందు నా విన్నపం ఇది. ప్రతి బస్తీ సమాఖ్యలో చెత్త-మోరీలకు ఒకటి, వీధిదీపాలు-దారికి ఒకటి, బండ్లకు ఒకటి, ముగ్గురు ముగ్గురితోని చిన్న కమిటీలు వేసుకుందాం. వారం మీటింగ్‌లో పొదుపు రాసినంక పది నిమిషాలు దానికి ఇద్దాం. 2019 మున్సిపల్ చట్టంలో ప్రతి వార్డుకు 15 మందితో మహిళా కమిటీ కూడా ఉన్నది. అందులో మన పేర్లు ఉన్నయా లేవా అడుగుదాం. కాలనీ సంఘాలు మీటింగ్ పెట్టినప్పుడు మనల్ని పిలవమని రాసి ఇద్దాం.

ఎవరి బండి గురించి మాట్లాడుతున్నరో ఆమె ఆ గదిలో ఉండాలె. ఆ రోజు మేము అయిదుగురం పోకపోతే, మేము లేకుండనే మా సంగతి తేలిపోయేది.

మా ఆమె ఇయ్యాల ఇక్కడికి రాలే. సాయంత్రం బేరం టైం కదా, బండి కాడ ఉన్నది.