పొరుగు స్టేషన్ ఒప్పుకోనిదే



క్రైస్తవ విశ్వాసం దేవుణ్ణీ తోటి మనిషినీ అర్థం చేసుకోవడానికి ఎలా దారి చూపుతుందో మాట్లాడమని తెలుగు క్రైస్తవ రచయితల ఈ సభలో నన్ను ఈ కుర్చీలో కూర్చోబెట్టారు. ఈ ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లో పుట్టి, ఇంట్లో తెలుగు బైబిలు చదువుకుని, వీధిలో బెంగాలీలో ఆడుకుని, గోల్‌బజార్‌లో హిందీలో బేరమాడి పెరిగినవాణ్ణి. నాకు తెలిసిన ఆ దారిలోనే ఈ విషయంలోకి వెళతాను.

మా నాన్న స్టేషన్ మాస్టరు. సింగిల్ లైను మీదున్న ఒక చిన్న స్టేషన్లో ఆయన పనిచేస్తున్నప్పుడు సెలవుల్లో నేనూ వెంట వెళ్లేవాణ్ణి. బల్ల మీద బ్లాక్ ఇన్‌స్ట్రుమెంట్ ఉండేది. దాని కడుపులో ఇనుప గోళాలుండేవి, అవే టోకెన్లు. టోకెన్ చేతికందితే తప్ప డ్రైవరు బండి కదిలించడు. కానీ నాన్న ఎంత తిప్పినా ఆ గోళం దానంతట అది రాదు. ముందు గంట కొట్టి పొరుగు స్టేషన్ను పిలవాలి. అక్కడి మాస్టరు తన దగ్గరున్న మీట తిప్పి లైన్ క్లియర్ ఇవ్వాలి. అప్పుడే ఇక్కడ గోళం దొర్లి బయటికొస్తుంది. దాన్ని తోలు సంచీలో పెట్టి, బెత్తపు చక్రానికి తగిలించి, వస్తున్న బండి ఇంజనుకి అందించేవారు. నాన్న ఒక రాత్రి నాతో అన్న మాట ఇది: "ఆ మాస్టరు మొగం నానెప్పుడూ సూడలేదురా. ఆడు ఒప్పుకుంటేనే నా బండి కదులుతాది."

దేవుణ్ణి తెలుసుకోవడం గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఆ యంత్రం గుర్తొస్తుంది. కళ్లెదుట ఉన్న సోదరుణ్ణి ప్రేమించలేనివాడు కంటికి కనిపించని దేవుణ్ణి ప్రేమించలేడని యోహాను తన మొదటి పత్రికలో వాదించాడు. దాన్ని మనం నీతివాక్యంగా చదివి వదిలేస్తాం. నాకు అది పనితీరు చెప్పే వాక్యంగా కనిపిస్తుంది. పొరుగువాడు మీట తిప్పకపోతే మన దగ్గర గోళం రాదు.

అడిగి తెలుసుకోవడం కూడా విశ్వాసంలో భాగమే. ఆన్సెల్మ్ అనే క్రైస్తవ సన్యాసి 1077-78 ప్రాంతంలో లాటిన్‌లో ఒక చిన్న గ్రంథం రాశాడు. తర్వాత అది 'ప్రోస్లోగియన్' పేరుతో ప్రసిద్ధమైంది. దానికి ఆయన మొదట పెట్టుకున్న పేరుకి తెలుగు చేస్తే 'అర్థాన్ని వెతుక్కునే విశ్వాసం' అవుతుంది. నమ్మాను కాబట్టే అడుగుతున్నాను అన్నది ఆయన వైఖరి. ఇంత గొప్ప సంప్రదాయం మనకుండగా, ప్రశ్న అడిగిన పిల్లవాణ్ణి మన సండే స్కూళ్లలో ఎందుకు కూర్చోమంటున్నాం?

ఇక మన ఇంటి కథకి వస్తాను. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల నుంచి మన తాతలు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పనులకు ఇక్కడికి రావడానికి దాదాపు 90 ఏళ్ల ముందే, అదే తీరం నుంచి తెలుగు సువార్త ఇదే బెంగాలుకు ప్రయాణం చేసింది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖపట్నం చేరారు. తెలుగు తెలియని ఆ ఇద్దరి పక్కన ఆనందరాయర్ అనే బ్రాహ్మణ పండితుడు కూర్చున్నాడు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో చనిపోయారు. వాళ్లు మొదలుపెట్టిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. అచ్చు ప్రతి వాళ్లిద్దరూ కళ్లజూడలేదు.

ఆ 1812 మార్చిలోనే శ్రీరాంపూర్ ముద్రణాలయం తగలబడింది. ఏళ్ల తరబడి రాసుకున్న ప్రతులు, అచ్చు అక్షరాలు బూడిదయ్యాయి. అక్కడి మిషనరీ విలియం కేరీ మళ్లీ పనికి కూర్చున్నాడు. 1814లో ఆయన తెలుగు వ్యాకరణం అక్కడే వెలువడింది. హౌరా లోకల్లో వెళ్లొచ్చేంత దూరంలో ఉన్న ఊళ్లో మన భాషకు వ్యాకరణం అచ్చయిందని మన పిల్లల్లో ఎందరికి తెలుసు?

బాలేశ్వర్ లైన్లో మనం దాటే జలేశ్వర్ కూడా గుర్తుంచుకోవలసిన స్టేషనే. అమెరికా నుంచి వచ్చిన ఫ్రీ విల్ బాప్టిస్టు జెరెమయా ఫిలిప్స్ అక్కడ ఉండి సంతాలీ నేర్చుకుని, ఆ భాష మీద 1852లో ఒక పుస్తకం వెలువరించాడు. వీళ్లందరి వేదాంతంతోనూ నేను ఏకీభవించను. పొరుగువారి మతాల గురించి ఆనాటి మిషనరీలు రాసిన కొన్ని మాటలు ఈనాడు చదివితే మనసు నొచ్చుకుంటుంది. అయినా ఒక పని వాళ్లు చేశారు. చెప్పడానికి వచ్చినవాళ్లు ముందు ఏళ్ల తరబడి విద్యార్థులై కూర్చున్నారు. ఆనందరాయర్ మీట తిప్పబట్టే డెస్ గ్రాంజెస్ బండి కదిలింది.

అపొస్తలుల కార్యాలలో పెంతెకొస్తు దినం చూడండి. ఆత్మ దిగివచ్చినప్పుడు జనమంతా ఒకే భాషలోకి మారిపోలేదు. పార్తీయులు, మాదీయులు, ఐగుప్తువాళ్లు ఎవరి భాషలో వాళ్లు విన్నారు. తెలుగు, బెంగాలీ, ఒడియా, హిందీ, సంతాలీ ఒకే టీ కొట్టు దగ్గర వినిపించే ఖరగ్‌పూర్ వాడికి ఆ అధ్యాయం ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు.

పొరుగు మనిషి మీట తిప్పడం నేను మా ఇంట్లోనే చూశాను. మా తమ్ముడు ఏడేళ్లకే జ్వరంతో పోయాడు. సంఘం నుంచి చాలామంది వచ్చారు. దేవుడి చిత్తమన్నారు, విశ్వాసం గట్టిగా ఉంచుకోమన్నారు. అమ్మ ఒక్కరికీ బదులివ్వలేదు. పక్క క్వార్టర్లో ఒక బెంగాలీ ఆవిడ ఉండేది. నేను మాషిమా అనేవాణ్ణి. కాళీమాత పటం ముందు దీపం పెట్టనిదే మంచినీళ్లు ముట్టని మనిషి. ఆవిడ రోజూ మధ్యాహ్నం మూతపెట్టిన గిన్నెలో అన్నం, పల్చటి పప్పు తెచ్చి, వంటింటి గడప దగ్గర అమ్మ పక్కన నేల మీద కూర్చునేది. ఆవిడకు తెలుగు రాదు, అమ్మకు అప్పటికి బెంగాలీ రాదు. ఐదో రోజో ఆరో రోజో ఆవిడ బల్ల మీదున్న బైబిలు తెచ్చి అమ్మ ఒళ్లో పెట్టి, చదవమని సైగ చేసింది. అమ్మ యోబు గ్రంథం తీసింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా మాషిమా కొంగు నెత్తిమీదికి లాక్కుని చివరిదాకా వింది.

యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతని పక్కన నేల మీద మాట లేకుండా కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచి దేవుడి తరఫున వాదించడం మొదలుపెట్టాక తప్పుల మీద తప్పులు చేశారు. అమ్మ పెద్దవయసులో నాతో అంది: "ఆవిడ మాట నాకు తెల్దు గానీ, నా ఏడుపు ఆవిడికి తెలిసింది. దేవుడు ఇన్నాడని నాకు ఆ దినమే నమ్మకం కుదిరింది."

మన క్రైస్తవ సాహిత్యం మీద నాకున్న ఫిర్యాదు ఇక్కడే ఉంది. మనం రాసే వాటిలో పొరుగువాడు రెండు వేషాల్లోనే కనిపిస్తాడు. మారవలసినవాడుగా, లేకపోతే జాలిపడవలసినవాడుగా. మనకు నేర్పగలవాడుగా కనిపించడు. పొరుగువాడంటే ఎవరని అడిగిన ధర్మశాస్త్ర పండితుడికి యేసు చూపించింది యూదులు తక్కువగా చూసిన సమరయుణ్ణి. ఆ కథ చదివి, పెళ్లి సంబంధం దగ్గర కులం అడుగుతున్నాం. ప్రభువు బల్ల దగ్గర ఒకే గిన్నెలో తాగి, బయటికొచ్చాక కులాలవారీగా వీధులు పంచుకుంటున్నాం. గుర్రం జాషువా 1941లో 'గబ్బిలం' వెలువరించాడు. క్రైస్తవ ఇంట్లో పుట్టిన ఆ కవి అస్పృశ్యుడి మొరను ఒక గబ్బిలం చేత కాశీలో ఉన్న శివుడికి పంపించాడు. ఆయన 'క్రీస్తు చరిత్ర'కు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. శివుడికి మొర పెట్టిన కలమే క్రీస్తు కథ చెప్పింది. ఆ వెడల్పు మన కలాలకు రావాలి.

అంతకు ముందు 1833లో కటక్‌లో బాప్తిస్మం పొందిన పురుషోత్తమ చౌదరి ఉన్నాడు. పద్యం, కీర్తన ఎరిగిన ఆ చేతి నుంచి వచ్చిన పాటలు ఇవాళ్టికీ మన ఆరాధనల్లో వినిపిస్తున్నాయి. ఇక్కడి మట్టిలో రవీంద్రుడూ ఉన్నాడు. ఆయన శాంతినికేతన్‌లో 1910 నుంచి డిసెంబరు 25న క్రీస్తును స్మరించుకునే ఉత్సవం జరుగుతోంది. బెంగాలీలు ఆ రోజును 'బొడోదిన్' అంటారు, అంటే పెద్దరోజు. వాళ్లు మన పండక్కి అంత చక్కటి పేరు పెట్టుకున్నారు. వాళ్ల పండగల గురించి మన పాటల్లో ఒక్క చరణమైనా ఉందా?

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం మన తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. సంతోషం. హోదా వచ్చిన భాషకు సాహిత్యం మనమే ఇవ్వాలి. అందుకే ఈ సభ తరఫున మిమ్మల్ని రెండు కోరుతున్నాను. మీ ట్రంకు పెట్టెల్లో తాతల బైబిళ్లు ఉంటాయి. వాటి మొదటి పేజీల్లో పుట్టిన తేదీలు, పోయిన తేదీలు, వచ్చిన ఊళ్ల పేర్లు రాసి ఉంటాయి. చేత్తో రాసుకున్న పాటల పుస్తకాలుంటాయి. వాటిని చెదలకు వదలకండి. తెచ్చి చూపించండి, నకలు తీసుకుని మీవి మీకు తిరిగి ఇస్తాం. రెండోది, మీ పక్కింటివాళ్ల దగ్గర కూర్చుని, వాళ్ల ప్రార్థన ఏమిటో, ఏ మాటల్లో చేస్తారో అడిగి తెలుసుకుని, తెలుగులో రాసి పంపండి. వచ్చే సభలో మొదటి గంట ఆ రచనలు చదవడానికే కేటాయిస్తున్నాను.