పాచికల ఆటలో బానిసలు: ఆపమనే హక్కు ఎవరిది?

(హక్కుల కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



వెట్టి గురించో, జోగిని వ్యవస్థ గురించో నేను మాట్లాడతానని మీరు అనుకుని ఉంటారు. నేను ఒక ఆట గురించి మాట్లాడబోతున్నాను. ఇన్ని సమస్యల మధ్య ఆటల చర్చ ఎందుకని కొందరికి అనిపించవచ్చు. కాసేపు ఓపిక పట్టమని కోరుతున్నాను. ఆ ఆటలో తలెత్తిన ప్రశ్న మన శిబిరాల్లోనూ ఉంది. మనం దాన్ని ఇంకా సరిగా అడగలేదు.

మా అక్క కూతురు హైదరాబాదులో చదువుకుంటోంది. ఆదివారాలు స్నేహితులతో బల్ల చుట్టూ కూర్చుని డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతుంది. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తెచ్చిన ఆట ఇది. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు. ఒకరు యోధురాలు, ఒకరు మాంత్రికుడు, ఒకరు దొంగ. "గోడ దూకి పారిపోతాను" అని ఒకరంటే, దూకగలిగారో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. అందరూ కలిసి అల్లుకునే కథ అది.

ఒక ఆదివారం ఆ అమ్మాయి ఆట మధ్యలో లేచి వచ్చేసింది. ఆ రోజు కథలో బానిసల సంత వచ్చిందట. ఆమె పాత్రను పట్టుకుని వేలానికి పెట్టారట. బల్ల దగ్గరున్న కుర్రాళ్లు నవ్వుతూ పాట పాడారట. "అది కథేనని నాకు తెలుసు పిన్నీ. కానీ వాళ్లు నన్ను చూస్తూ పాడారు" అంది.

ఆ మాట నన్ను వదల్లేదు. ఈ ఆటల చరిత్ర చదవడం మొదలుపెట్టాను.

బానిసత్వం ఈ ఆటల్లో మొదటి నుంచీ ఉంది. 1980లో మొదలైన ఒక సాహస కథల వరుసలో బానిస వ్యాపారుల ముఠాను అంతం చేయడమే ఆటగాళ్ల పని. 1991లో వచ్చిన డార్క్ సన్ అనే ఎడారి లోకంలో బానిసత్వం రోజువారీ జీవితం. అక్కడ బానిసలుగా పని చేయించుకోవడానికే పుట్టించిన జాతి కూడా ఒకటుంది. 2022లో స్పెల్‌జామర్ అనే పుస్తకంలో కోతుల్ని పోలిన హడోజీ అనే జాతి కథ వచ్చింది. ఒక మాంత్రికుడు వాళ్లను పట్టి, మందు తాగించి తెలివి తెప్పించి, అమ్మాలనుకుంటాడు. ఆ మాంత్రికుడి శిష్యులే జాలిపడి తప్పిస్తారు. నల్లజాతి ప్రజలను అవమానించిన పాత బొమ్మలే ఇందులో మళ్లీ కనిపిస్తున్నాయని విమర్శ వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరులో ప్రచురణకర్తలు క్షమాపణ చెప్పి, ఆ భాగాన్ని తీసేశారు.

ఈ కథలో నన్ను ఎక్కువగా బాధపెట్టింది విముక్తి జరిగిన తీరు. బానిస ఏమీ చేయడు. ఎవరో దయగలవాళ్లు వచ్చి విడిపిస్తారు. నవ్వకండి, మన నివేదికలు ఒకసారి తీసి చూడండి. "ఇన్ని కుటుంబాలకు విముక్తి కలిగించాం" అని రాస్తాం. ఆ కుటుంబంలో స్త్రీ అంతకుముందు ఎన్నిసార్లు ఎదురు తిరిగిందో, ఎన్ని రాత్రులు దారి వెతుక్కుందో రాయం. 1976 చట్టం వెట్టిని రద్దు చేసింది. మన రాతల్లో మాత్రం వెట్టి మనిషికి ఇంకా నోరు రాలేదు.

మరి ఏం చేయాలి? ఇలాంటి కథలు పూర్తిగా మానేయాలని కొందరంటారు. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌కు పోటీగా నిలిచిన పాత్‌ఫైండర్ అనే ఆట ప్రచురణకర్తలు 2021లో ఇటువైపే మొగ్గారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ మాట్లాడకుండా వదిలేస్తే మరచిపోవడం సులభమవుతుంది. దొరల గడీల గురించి మాట్లాడకపోతే ఎవరికి లాభమో మనకు తెలుసు.

ఇంకో దారి చూపిన స్త్రీ ఒకరున్నారు. జూలియా బాండ్ ఎలింగ్‌బో అనే ఆఫ్రికన్ అమెరికన్ రచయిత్రి 2007లో స్టీల్ అవే జోర్డాన్ అనే ఆట తయారు చేశారు. అమెరికాలో బానిసలుగా బతికినవాళ్ల కథే ఆ ఆట. అందులో ప్రతి పాత్రకూ ఒక 'విలువ' ఉంటుంది. దాన్ని ఆటగాడు నిర్ణయించుకోడు, కథ నడిపే మనిషి నిర్ణయిస్తాడు. మనిషికి వెల కట్టడమంటే ఏమిటో ఆ ఒక్క నియమం చెబుతుంది. అయినా బానిసకు సొంత లక్ష్యాలుంటాయి, రహస్యాలుంటాయి, పథకాలుంటాయి. కథ ఆమెది. రక్షకుల కోసం ఎదురుచూడదు.

ఇంత మంచి ఆట కూడా బల్ల దగ్గర కూర్చున్న మనిషిని గాయపరచవచ్చు. అందుకే ఆటగాళ్లు కొన్ని పద్ధతులు పెట్టుకున్నారు. రాన్ ఎడ్వర్డ్స్ అనే ఆటల రచయిత చెప్పినది ఒకటి. కథలో అసలు రాకూడనివేవో, వచ్చినా వివరంగా చూపకుండా తెర దించాల్సినవేవో ముందే మాట్లాడుకోవాలి. జాన్ స్టావ్రోపౌలోస్ చెప్పినది మరొకటి. బల్ల మధ్యలో ఇంటూ గుర్తు వేసిన ఒక కార్డు పెడతారు. ఎవరైనా దాన్ని తాకితే ఆ సన్నివేశం అక్కడితో ఆగిపోతుంది. కారణం చెప్పనక్కర్లేదు. ఎవరూ అడగకూడదు.

ఇది చదివినప్పుడు నాకు పదిహేనేళ్ల నాటి నా తప్పు గుర్తుకొచ్చింది. తెలంగాణ పల్లెలో ఒక శిబిరంలో వెట్టి మీద చిన్న నాటిక వేయించాను. పాత్రలు నేనే పంచాను. దొర పాత్ర వేసిన కార్యకర్త ఉత్సాహంగా తిట్లు లంకించుకుంది. అందరం నవ్వాం. పనిమనిషి పాత్ర ఇచ్చిన ఆమె ఒక్క మాటా మాట్లాడలేదు, అలాగే నిలబడిపోయింది. సహజంగా నటిస్తోందని మెచ్చుకున్నాను కూడా. సాయంత్రం నా దగ్గరికొచ్చి, "మా అమ్మను గట్లనే పిలిచేటోళ్లు మేడం. మీరు చెప్పిన్రని నిలబడ్డ" అంది.

మీరు చెప్పారని నిలబడ్డాను! వెట్టి గురించి పాఠం చెప్పడానికి వెళ్లి, కాదనలేని స్థితిలో ఒక మనిషిని నేనే నిలబెట్టాను. బానిసత్వమంటే గొలుసులూ కొరడాలూ మాత్రమే కాదు, 'వద్దు' అనే మాట చెల్లకపోవడం. ఆ మాట చెల్లని చోట బానిసత్వం గురించి ఎంత గొప్ప నాటిక వేసినా అది బానిసత్వాన్ని మళ్లీ ఆడటమే అవుతుంది.

పాచికలకూ బానిసత్వానికీ ఉన్న సంబంధం మనకు కొత్తది కాదు. ద్రౌపదిని పందెం కాసినప్పుడు ఆమె ఆ సభలో లేదు. తనను తాను ఓడిపోయినవాడికి నన్ను ఒడ్డే హక్కు ఎక్కడిదని ఆమె అడిగింది. సభలో పెద్దలెవరూ తేల్చి చెప్పలేకపోయారు. ఆట ఎవరిది, పందెంలో ఉన్నది ఎవరు అన్న ప్రశ్న అప్పటిది.

అందుకని మన శిబిరాలకు మూడు సూచనలు చేస్తున్నాను. నాటిక మొదలుపెట్టే ముందు ఏది చూపాలో, ఏది వద్దో అందరితో మాట్లాడదాం. పాత్రలు మనం పంచకుండా, ఎవరికి నచ్చినది వాళ్లను ఎంచుకోనిద్దాం. ఏ పాత్రా వేయకుండా చూస్తూ కూర్చోవడం కూడా ఎంపికే. మూడోది, కారణం చెప్పకుండా ఆపే హక్కు అందరికీ ఇద్దాం. కార్డు దేనికి, ఒక ఎర్ర గుడ్డ ముక్క చాలు. అయితే దాన్ని మొదట మనమే ఒకసారి వాడి చూపాలి. లేకపోతే మన ముందు దాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికీ రాదు.

మా అమ్మాయి మళ్లీ ఆటకు వెళ్తోంది. ఆ మిత్రులతో కూర్చుని మాట్లాడింది. ఇద్దరు క్షమాపణ అడిగారు, ఒకడు మానేశాడు. ఇప్పుడు వాళ్ల బల్ల మీద కార్డు ఉంది. బానిసల సంత కథ వదిలేశారా అని అడిగాను. "లేదు పిన్నీ, ఈసారి సంతలో ఉన్నవాళ్లమే తాళాలు దొంగిలిస్తున్నాం" అంది.

 ఇక చర్చ మొదలుపెడదాం. నచ్చని చోట నన్ను ఆపండి.