ఫెయిర్‌ఫాక్స్ వీధిలో మందుల కొట్టు

  

వర్జీనియాలో ఇన్నేళ్లుగా ఉంటున్న ఫార్మసిస్టు తమ్ముళ్లకు, చెల్లెళ్లకు అలెగ్జాండ్రియా పాతబస్తీ కొత్తేమీ కాదు. అక్కడ సౌత్ ఫెయిర్‌ఫాక్స్ వీధిలో 105, 107 నంబర్ల ఇళ్లలో స్టేబ్లర్-లెడ్‌బీటర్ అపోథెకరీ అనే పాత మందుల కొట్టు ఉంది. ఇవాళ అది మ్యూజియం. దాని గురించి మూడు సంగతులు చెబుతానని ఆహ్వానపత్రంలో వేశారు: కొట్టు చరిత్ర, పాతకాలపు మందుల తయారీ, వాటిని భద్రపరచిన తీరు.

చరిత్ర క్లుప్తంగా చెబుతాను. క్వేకరు అనే క్రైస్తవ శాఖకు చెందిన ఎడ్వర్డ్ స్టేబ్లర్ 1792లో ఈ వ్యాపారం మొదలుపెట్టాడు. మందులతో పాటు రంగులు, కిటికీ అద్దాలు, తోట విత్తనాలు, శస్త్రచికిత్స పనిముట్లు కూడా అమ్మాడు. తరవాత కొడుకు విలియం, ఆయన తరవాత స్టేబ్లర్ అల్లుడు జాన్ లెడ్‌బీటర్, ఆపైన వాళ్ల పిల్లలు నడిపారు. 1933లో, ఆర్థిక మాంద్యం రోజుల్లో, కొట్టు మూతపడింది. సామానంతా వేలానికి వచ్చింది. బాల్టిమోర్‌లో ఐస్‌క్రీం వ్యాపారం చేసే హెండ్లర్ అనే ఆయన ఆ సామాను కొని, చెల్లాచెదురు కాకుండా తిరిగి ఇచ్చేశాడు. ఊరివాళ్లు భవనాలను కాపాడుకున్నారు. 1939లో మ్యూజియంగా తెరిచారు. 2006లో అది నగరపాలక సంస్థ చేతికి వచ్చింది. అంతర్యుద్ధంలో దక్షిణాది సేనాధిపతి రాబర్ట్ ఇ. లీ కూడా ఈ కొట్టుకు ఖాతాదారే. గైడ్లు ఆయన కథ ఇష్టంగా చెబుతారు, అది వాళ్ల దగ్గరే వినండి.

నాకు ఆ కొట్టులో అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఒక చిన్న ఉత్తరం. 1802 ఏప్రిల్ 22న మౌంట్ వెర్నన్ నుంచి వచ్చింది. జార్జి వాషింగ్టన్ భార్య మార్తా పంపించింది. ఏమడిగిందంటారు? ఆముదం! తమ దగ్గరున్న వాటిలో మేలైన ఆముదం ఒక క్వార్టు సీసా పంపమని, దానితో పాటు బిల్లు కూడా పంపమని అడిగింది. సరిగ్గా నెల తిరిగేసరికి, మే 22న, ఆవిడ కన్నుమూసింది.

ఈ ఉత్తరాన్ని మందులు కట్టిన మనిషి కళ్లతో చూడండి. క్వార్టు అంటే లీటరుకు కొంచెం తక్కువ. విరేచనానికి పెద్దవాళ్లకు 30 మి.లీ. చొప్పున పోసినా 30 మందికి పైగా వస్తుంది. ఒక్క ముసలావిడ కోసం అంత ఆముదం తెప్పించుకోరు. మౌంట్ వెర్నన్ వాషింగ్టన్ల పెద్ద జమీ. వందల మంది మనుషులు, వాళ్లలో చాలామంది బానిసలు. వాషింగ్టన్ సొంత బానిసలను 1801 జనవరి 1న మార్తా విడుదల చేసింది. ఆమె మొదటి భర్త ఆస్తి తాలూకు బానిసలకు మాత్రం ఆ విడుదల రాలేదు. సీసాను ఉత్తరం తెచ్చిన మనిషి చేతికే ఇచ్చి పంపమన్నారు. ఆ మనిషి పేరు ఉత్తరంలో లేదు. ఎనిమిది తొమ్మిది మైళ్లు వచ్చి, కౌంటరు ముందు నిలబడి, సీసా పుచ్చుకుని వెళ్లిపోయాడు. బానిసత్వాన్ని బాహాటంగా వ్యతిరేకించిన క్వేకరు స్టేబ్లర్. ఆ మనిషితో ఆయన ఏం మాట్లాడి ఉంటాడా అని నేను ఎన్నోసార్లు ఆలోచించాను.

ఇప్పుడు 'మేలైన' అన్న షరతు దగ్గరికి రండి. అమెరికన్ ఫార్మకోపియా మొదటిసారి అచ్చయింది 1820లో. కల్తీ మందుల మీద దేశమంతటికీ వర్తించే చట్టం వచ్చింది 1906లో. అంటే 1802లో ఏది మేలైన ఆముదమో తేల్చే అధికారిక అమెరికన్ పుస్తకం లేదు, ఇన్‌స్పెక్టరు లేడు, ముద్ర లేదు. స్టేబ్లర్ మాటే ప్రమాణం. రంగు చూడాలి, చిక్కదనం చూడాలి, మక్కు వాసన పట్టిందేమో ముక్కుకు ఆనించుకుని చూడాలి. మిగతా గింజనూనెలు అంతగా కలవవు గానీ, ఆముదం స్పిరిట్‌లో ఇట్టే కలిసిపోతుంది. వేరే నూనె కలిపితే తెల్లగా మసకబారి పట్టుబడిపోతుంది. మా తరం వాళ్లం ఈ పరీక్ష కళ్లతో చూసి నేర్చుకున్నాం.

మన వైపు ఇంకో పద్ధతి ఉండేది, వెనక వరసలో ఉన్న పెద్దవాళ్లకు తెలుసు. గింజలు వేయించి, రోట్లో దంచి, నీళ్లు పోసి కాస్తే నూనె పైకి తేలేది. దాన్ని గరిటెతో తీసి మళ్లీ కాచి నీరు ఇగరబెట్టేవారు. అది వంటాముదం. పసిపిల్ల మాడుకు ఆ ఆముదమే, బాలింత ఒంటికి ఆ ఆముదమే, దేవుడి దగ్గర దీపానికి గానుగాముదం. గింజలో రిసిన్ అనే భయంకరమైన విషం ఉంది. అది నీటిలో కరుగుతుంది, నూనెలోకి రాదు, వేడికి చెడిపోతుంది. పాలమూరు, నల్గొండ పల్లెల్లో ఆముదం వండిన ఆడవాళ్లు ఏ పుస్తకమూ చదవకుండానే ఆ విషాన్ని తీసేశారు. ప్రపంచంలో ఆముదం ఎక్కువగా పండేది ఈనాటికీ భారతదేశంలోనే. అది పేగుల మీద ఎలా పనిచేస్తుందో, ఏ గ్రాహకాన్ని తాకుతుందో ఎలుకల మీద ప్రయోగాలు చేసి తేల్చింది మాత్రం నిన్నగాక మొన్న, 2012లో, జర్మనీ శాస్త్రవేత్తలు. రెండు వందల ఏళ్ల కిందట మార్తా వాషింగ్టన్‌కీ, మన అమ్మమ్మలకీ మందు ఒకటే.

ఎదురుగా యల్లాప్రగడ సుబ్బారావు గారి పటం పెట్టి దండ వేశారు, చాలా సంతోషం. ఆయన ప్రస్తావన లేకుండా ఈ మాట ముగించలేను. 1895లో భీమవరంలో పుట్టారు. అమెరికాకు రాకముందు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పారు. తరవాత ఇక్కడ లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వంలోనే ఫోలిక్ యాసిడ్ తయారీ జరిగింది, బోదకాలుకు హెట్రజాన్ వచ్చింది. ఆ మందునే డీఈసీ మాత్రలుగా మన కోస్తా జిల్లాల్లో ఇంటింటికీ పంచారు, అది ఆయన చలవే. ఇంత చేసిన మనిషి గురించి ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? ఏటా జయంతికి దండ వేయడంతో సరిపెట్టకుండా పిల్లలకు ఆయన కథ చెప్పండి.

రెండో అంశం మందుల తయారీ. మ్యూజియం మేడ మీదికి తప్పకుండా వెళ్లండి. చెక్క సొరుగుల మీద చేత్తో రాసిన పేర్లు కనిపిస్తాయి. డ్రాగన్స్ బ్లడ్ అన్న సొరుగు దగ్గర హ్యారీ పోటర్ చదివిన పిల్లలు గుమిగూడతారు. అది చెట్టు నుంచి కారే ఎర్రని జిగురు. కల్వాలు, మందు రుబ్బే మిల్లులు, మాత్రలు చుట్టే పలకలు అన్నీ ఉన్నాయి. వాటిని చూస్తే నాకు మన ఊళ్లలో కాంపౌండరు గారు గుర్తుకొస్తారు. మనం ఇంటి నుంచి సీసా పట్టుకెళ్లేవాళ్లం. ఆయన మిక్చరు కలిపి పోసి, కాగితం ముక్కను కత్తెరతో పళ్లుపళ్లుగా కత్తిరించి సీసా పక్కన అంటించేవాడు. ఒక పన్ను ఒక డోసు. చదువురాని తల్లి కూడా పొరపాటు పడేది కాదు. ఈ రోజు ఎంత చదివిన ఫార్మసిస్టుకైనా చేసే పని డబ్బా స్కాన్ చేసి సంచిలో వేయడమే అయిపోయింది. మీ శిక్షణను తక్కువ చేయడం లేదు, అంత చదివిన చేతికి పని లేకుండా చేశారే అన్నదే నా బాధ. మన ఊళ్లలో ఇంకా అన్యాయం. రోగి చెప్పింది వినకుండానే, చీటీ అడగకుండానే, కౌంటరు మీద యాంటీబయాటిక్ పెట్టేస్తున్నారు.

సమయం అయిందని కార్యదర్శి గారు సైగ చేస్తున్నారు. మూడో అంశం, భద్రపరచడం గురించి ఒక్క మాట. కొట్టు బతికింది సీసాల వల్ల మాత్రమే కాదు. ఆ కుటుంబం లెక్కల పుస్తకాలు, ఉత్తరాలు, మందుల చీటీలు దాచింది. ఆముదం ఉత్తరం లేకపోతే నేను ఇవాళ ఇంతసేపు మాట్లాడగలిగేవాణ్ణే కాదు. మీలో ఎవరి తాతగారైనా కాంపౌండరో, ఆయుర్వేద వైద్యుడో, పచారీ కొట్టు వ్యాపారో అయి ఉంటే, అటక మీద ఆయన చిట్టా పుస్తకం ఉందేమో ఈసారి ఇండియా వెళ్లినప్పుడు చూడండి. దొరికితే పాత కాగితాల వాడికి తూకానికి వేయకండి. ప్లాస్టిక్ కవరులో బిగించకండి, చెమ్మ పట్టి అట్టకట్టుకుపోతుంది. నూలుగుడ్డలో చుట్టండి. లామినేషన్ అసలే వద్దు. పేజీలన్నీ ఫోటో తీసుకుని, అసలు పుస్తకాన్ని వేటపాలెం సారస్వత నికేతనం లాంటి గ్రంథాలయాన్ని సంప్రదించి అప్పగించండి. పుస్తకం మొదటి పేజీలో తాతగారి పేరు, ఊరు, కొట్టు ఏ వీధిలో ఉండేదో ఒక చీటీ మీద రాసి పెట్టండి. అంటించకండి, ఊరికే లోపల పెట్టండి చాలు.