కంద బచ్చలి: ఏది ముందు, ఏది తరవాత?



ఈ ప్రసంగానికి ప్రయోగశాల అక్కరలేదు. ఒక పొయ్యి, ఒక గిన్నె, అర కిలో కంద, రెండు కట్టల బచ్చలి, కాస్త చింతపండు, ఆవాలు, నూనె ఉంటే చాలు. కంద బచ్చలి కూర మీలో చాలామంది తినే ఉంటారు. దాన్ని వండే పద్ధతిలో ఒక వరుస ఉంది. ఆ వరుస ఎందుకు ఏర్పడిందో ఇప్పుడు చూద్దాం.

ముందుగా మిమ్మల్ని సముద్రం దాటించి అండమాన్ తీసుకువెళతాను. రాజధాని శ్రీ విజయపురంలో, అంటే 2024 సెప్టెంబరు దాకా మనం పోర్ట్ బ్లెయిర్ అని పిలిచిన ఊళ్లో, విమానాశ్రయం పక్కన లంబాలైన్ అనే పేట ఉంది. 2011 జనగణన ప్రకారం ఈ ద్వీపాల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి వెళ్లి స్థిరపడ్డవారు అందులో ఎక్కువ. అక్కడ ఏటా దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. అంత తడిలో టమాటా, క్యాబేజీ వంటివి పండించడం కష్టం. ఎన్నో కూరగాయలు 'మెయిన్‌ల్యాండ్' నుంచి ఓడలో రావాలి. విశాఖ నుంచి దూరం సుమారు 1,200 కిలోమీటర్లు. సముద్రం అల్లకల్లోలమైతే ఓడ ఆగుతుంది, ధర పెరుగుతుంది. బచ్చలికి మాత్రం ఆ వాతావరణం అత్తవారిల్లు కాదు, పుట్టిల్లే! కంచె మీదికి తీగ పాకిస్తే చాలు. కంద కొబ్బరి, పోక తోటల నీడలో పెరుగుతుంది. కాబట్టి లంబాలైన్ వంటింట్లో ఈ రెండూ కలవడంలో ఆశ్చర్యం లేదు. పక్కింటి బెంగాలీ గృహిణి అదే తీగను 'పుయి శాక్' అంటుంది, గుమ్మడికాయ ముక్కలతోనో రొయ్యలతోనో ఆవనూనెలో వండుతుంది.

సరే, పొయ్యి వెలిగిద్దాం.

మొదట కంద. 'కందకు లేని దురద కత్తిపీటకెందుకు' అనే సామెత మీకు తెలుసు. ఆ దురదకు కారణం కంద కణాల్లో కట్టలు కట్టలుగా ఉండే కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు. అవి సూదుల్లా ఉంటాయి. కంటికి కనిపించవు గాని చర్మానికి, గొంతుకు గుచ్చుకుంటాయి. ఆ గాట్లలోకి మొక్కలోని కొన్ని ప్రోటీన్లు చేరడం వల్ల మంట ఎక్కువవుతుందని శాస్త్రజ్ఞులు చెబుతారు. చేతులకు నూనె రాసుకుని కంద తరగడం మన పెద్దల ఉపాయం. నూనె పొర అడ్డుపడుతుంది కదా!

'చింతపండు వేస్తే కంద దురద పోతుంది' అని అందరూ అంటారు. ఇక్కడ కొంచెం జాగ్రత్తగా ఆలోచించండి. కాల్షియం ఆక్సలేట్ నీటిలో దాదాపు కరగదు. చింతపండులో ఉండే టార్టారిక్ ఆమ్లం బలహీనమైనది, దానికీ ఆ సూదులు అంత సులభంగా లొంగవు. నా దృష్టిలో అసలు పని చేసేది బాగా ఉడికించడమే. వేడికి ఆ ప్రోటీన్ల నిర్మాణం చెడిపోతుంది, ముక్క మెత్తబడుతుంది. అయితే చింతపండు వల్ల ప్రయోజనం లేదా అంటే, రుచికి ఉంది. కాని దాన్ని ముందే వేస్తే ఒక చిక్కు వస్తుంది.

కూరగాయలో కణానికీ కణానికీ మధ్య పెక్టిన్ అనే జిగురు ఉంటుంది. ముక్క ఉడకడం అంటే ముఖ్యంగా ఆ జిగురు విడిపోవడమే. పులుపు నీళ్లలో పెక్టిన్ విడిపోవడం మందగిస్తుంది. అందుకే పులుసు ముందుగా పోస్తే కంద ఎంతసేపటికీ మెత్తబడదు, ఉడకని కంద గొంతులో దురద పుట్టిస్తుంది. అంటే దురద పోవాలని తొందరపడి వేసిన చింతపండే దురదను నిలిపి ఉంచుతుందన్నమాట. పప్పుకూ ఇదే సూత్రం. పప్పు ఉడకకపోతే కుక్కర్‌ను తిడతాం గాని, ముందే పులుపు వేసిన చేతిని ఏమీ అనం! కాబట్టి కంద మామూలు నీళ్లలో, పసుపు వేసి, వేలితో నొక్కితే నలిగేదాకా ఉడకాలి. చింతపండు రసం ఆ తరవాతే.

ఇక బచ్చలి. దీన్ని తరిగాక కడగకూడదు, కడిగాక తరగాలి. తరిగిన ప్రతి అంచు నుంచీ నీటిలో కరిగే విటమిన్లు జారిపోతాయి. వాటిలో ఒకదాన్ని గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 1941లో పాలకూర ఆకుల నుంచి వేరుచేసిన ఒక పదార్థానికి, ఆకు అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసి 1945లో ప్రపంచానికి అందించిన అమెరికాలోని లెడర్లీ సంస్థ పరిశోధనలకు నాయకత్వం వహించినవారు మన యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన ఇద్దరు సోదరులను స్ప్రూ వ్యాధికి కోల్పోయారు. పేగులు పోషకాలను పీల్చుకోలేని ఆ జబ్బుకు చికిత్సలో ఫోలిక్ ఆమ్లం ఉపయోగపడింది.

మనదేశంలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. దానికి ఇనుము లోపం ముఖ్య కారణం, ఫోలేట్ లోపం మరొకటి. గర్భస్థ శిశువు వెన్నుపాము ఏర్పడే తొలి నాలుగు వారాల్లో కూడా ఫోలేట్ అవసరం. తల్లికి తాను గర్భవతినని అప్పటికి తెలియకపోవచ్చు కూడా. డాక్టరు ఇచ్చే మాత్రకు ఆకుకూర బదులు కాదు. కాని ఆకులో ఉన్నది కాలవలో పోయడం ఎందుకు? ఆకు ఉడికిన నీళ్లను పారబోయకుండా కూరలోనే ఇంకనివ్వండి. ఒక్క మినహాయింపు: బచ్చలిలో నీటిలో కరిగే ఆక్సలేట్లు కూడా ఉన్నాయి, కాబట్టి మూత్రపిండాల్లో రాళ్లున్నవారు డాక్టరు చెబితే ఆ నీళ్లు వార్చెయ్యాలి. ఒకరికి మంచి పద్ధతి మరొకరికి కాకపోవచ్చు.

కంద ఉడికాక బచ్చలి, అది మగ్గాక చింతపండు రసం. పులుపు తగలగానే ఆకుపచ్చ రంగు ముదురు ఆలివ్ రంగుకు మారుతుంది, పత్రహరితంలోని మెగ్నీషియం ఊడిపోవడమే కారణం. రంగు నిలవడానికి వంటసోడా వేసేవారున్నారు. ఆ పని చెయ్యకండి, విటమిన్ సి, బి1 నశిస్తాయి.

తరవాత తాలింపు. నూనె ఎందుకంటే, ఆకులోని కెరోటిన్ కొవ్వు తోడుంటేనే ఒంటికి బాగా పడుతుంది. తాలింపులో చిటపటలాడిన ఆవాలకు ఘాటు ఉండదు, కమ్మని వాసనే. కాని చివర్లో, గిన్నె దించి వేడి తగ్గాక కలిపే ఆవముద్ద ముక్కుకు ఎక్కుతుంది. గింజ ఒకటే, గుణాలు రెండు! ఎందుకు? ఆవగింజలో సినిగ్రిన్ అనే పదార్థం ఒక గదిలో, మైరోసినేజ్ అనే ఎంజైమ్ మరో గదిలో ఉంటాయి. నీళ్లు చిలకరించి నూరితే గదులు పగిలి రెండూ కలుస్తాయి, ఘాటైన అల్లైల్ ఐసోథయోసయనేట్ పుడుతుంది. వేడి తగిలితే ఎంజైమ్ చచ్చిపోతుంది, పుట్టిన ఘాటు కూడా ఆవిరైపోతుంది. బెంగాలీలు ఆవనూనెను పొగ వచ్చేదాకా కాచేది ఆ ఘాటును తగ్గించడానికే. మనం ఆవముద్దను చివరిదాకా ఆపేది దాన్ని దక్కించుకోవడానికి.

దీన్ని మీరే ఇంట్లో చూడవచ్చు. ఒక చెంచా ఆవాలను పది నిమిషాలు మరిగించి, చల్లారాక అదే నీటితో నూరండి. ఘాటు ఉండదు. దాన్ని రెండు గిన్నెల్లో సగం సగం తీసుకోండి. మొదటిదాంట్లో చిటికెడు పచ్చి ఆవపిండి కలపండి, రెండోదాన్ని అలాగే ఉంచండి. మూడో గిన్నెలో ఉత్త నీళ్లు పోసి, అందులోనూ చిటికెడు పచ్చి ఆవపిండే కలపండి. పది నిమిషాలు ఆగండి. ముక్కు గిన్నె మీద పెట్టకుండా, చేత్తో వాసనను మీవైపు విసురుకుని చూడండి. ఒకటో గిన్నెకూ మూడో గిన్నెకూ ఘాటులో తేడా ఉందా? ఉంటే, ఆ అదనపు ఘాటు దేని నుంచి వచ్చిందో మీ నోటుపుస్తకంలో రాసి మీ ఉపాధ్యాయులకు చూపించండి.