విదేశీ చమురు – మన పాల క్యాను
(సభ్య సంఘాల ప్రతినిధుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గేదె మనది, మేత మనది, కష్టం మనది. కాని పాలను పట్నం చేర్చే డీజిలు మాత్రం మనది కాదు. మన దేశం ముడిచమురు అవసరాలలో 85 శాతానికి పైగా దిగుమతుల మీదనే ఆధారపడి ఉన్నది. వంట గ్యాసులో సగానికి పైగా బయటిదే. యూరియా తయారీకి కావలసిన సహజవాయువులో కూడా చాలా భాగం ఓడల మీద వస్తున్నది.

గల్ఫ్ సముద్రానికి ముఖద్వారం హోర్ముజ్ జలసంధి. ఇరుకైన చోట దాని వెడల్పు సుమారు 33 కిలోమీటర్లు. 2024లో ప్రపంచం వాడిన చమురులో దాదాపు ఐదవ వంతు ఆ దారినే వచ్చింది. అక్కడ ఓడలకు ముప్పు వస్తే ఆ వేడి మన ఊరి పెట్రోలు బంకు దాకా తగులుతుంది.

1973 అక్టోబరు యుద్ధంలో అరబ్బు దేశాలు చమురును ఆయుధంగా వాడగా, కొద్ది నెలలలోనే ధర సుమారు నాలుగు రెట్లయింది. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు మన చమురు బిల్లు పెరిగింది, గల్ఫ్‌లోని మనవారు పంపే సొమ్ము తగ్గింది. అప్పటికే పలుచబడిన విదేశీ మారక నిల్వలు కరిగిపోగా, 1991లో దేశం బంగారం కుదువబెట్టి అప్పు తెచ్చుకోవలసి వచ్చింది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైన తరువాత మనం రష్యా చమురును తగ్గింపు ధరకు కొన్నాము. ఖర్చు కొంత కలిసివచ్చింది. అయితే ఆ కొనుగోలునే కారణంగా చూపి 2025 ఆగస్టులో అమెరికా మన సరుకులపై 25 శాతం అదనపు సుంకం వేసింది. ఆంధ్ర రొయ్యల రైతుకు కూడా ఆ దెబ్బ తగిలింది. అమ్మేవారిని మార్చినంత మాత్రాన ఆధారపడటం పోదని దీనివల్ల తేలుతున్నది.

విశాఖపట్నంలో రాతి గుహలలో 13.3 లక్షల టన్నుల ముడిచమురు దాచే ఏర్పాటు ఉన్నది. మంగళూరు, పాదూరు గుహలతో కలిపి నిండుగా నింపినా, దేశానికి పది రోజులకు చాలదు.

డీజిలు ధర పెరిగితే ఆ భారం పాలు కొనేవారైనా మోయాలి, లేదా మన లీటరు ధరలో నుంచైనా పోవాలి. కనుక మన చేతిలో ఉన్న పనులు మనం చేద్దాము.

మొదటిది గోబర్ గ్యాసు. నాలుగైదు పశువులున్న ఇంట రోజుకు సుమారు 50 కిలోల పేడ వస్తుంది. 2 ఘనపు మీటర్ల ప్లాంటుకు అది చాలును. ఒక కుటుంబానికి వంట సాగుతుంది. మిగిలిన పేడనీరు పొలానికి ఎరువై, యూరియా ఖర్చు కొంత తగ్గిస్తుంది. గుజరాత్‌లోని జకరియాపురా గ్రామంలో మహిళలు ఈ పని చేసి చూపారు.

రెండవది, బల్క్ కూలరున్న సంఘాలు సౌర విద్యుత్తు సంగతి ఆలోచించాలి. కరెంటు పోయిన ప్రతిసారి జనరేటరు తాగేది దిగుమతి చమురే.

మూడవది, పాల బండి సగం క్యాన్లతో తిరగరాదు. ఇరుగుపొరుగు సంఘాలు కూర్చుని రూటు, వేళలు సరిచేసుకోవాలి. సభ్యులు వేళకు పాలు పోయాలి.

వీటితో యుద్ధాలు ఆగవు. కాని దూరాన యుద్ధం వచ్చినప్పుడు మన పాలధరలో కోత తగ్గుతుంది. రాబోయే సర్వసభ్య సమావేశంలో ఈ మూడు విషయాలు చర్చించి తీర్మానం చేయవలసిందిగా ప్రతి సంఘాన్ని కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.