కేబుల్ తీసేశా, అమ్మ సీరియల్ పోయింది

ఇవాళ ఏ యాప్ బెస్ట్, ఏ ఆఫర్ చీప్ అని చెప్పట్లేదు. నేను చేసిన ఒక తెలివితక్కువ పని చెప్తా.

మా ఇల్లు జీడిమెట్లలో. హైటెక్ సిటీలో జాబ్ వచ్చిన కొత్తలో స్మార్ట్ టీవీ కొన్నా, ఫైబర్ నెట్ పెట్టించా, కేబుల్ తీసేయించా. "ఇంకా డబ్బా ఏంటమ్మా, అన్నీ యాప్‌లోనే వస్తాయి" అని అమ్మకి క్లాస్ కూడా పీకా. బీటెక్ కదా మరి!

సంక్రాంతి అయ్యాక ఒకరోజు ఆఫీసు నుంచి తొందరగా వచ్చేశా. ఇంటికి తాళం. అమ్మ పక్కింట్లో కూర్చుని సీరియల్ చూస్తోంది. మనింట్లో ఏమైందమ్మా అంటే, "మన టీవీల ఏందో పైసలు కట్టుమంటున్నది బిడ్డా. నీకు ఫోన్ జేస్తే మీటింగ్‌ల ఉంటవ్" అంది. ఎప్పటి నుంచి అని అడిగా. "దసరా ముంగటి నుంచి."

ఏం జరిగిందంటే, రెన్యువల్ టైంలో తక్కువకి వస్తోందని చూసుకోకుండా మొబైల్ ప్లాన్ నొక్కేశా. అది ఫోన్‌లోనే ఆడుతుంది, టీవీలో రాదు. నేను బస్సులో మ్యాచ్‌లు చూసుకుంటున్నా, నాకేం తేడా తెలియలేదు. ఇలాంటి ప్లాన్లు మనలాంటి వాళ్ళ కోసమే పుట్టాయి. నెట్‌ఫ్లిక్స్ 2019 జులైలో మన దేశంలో 199 రూపాయలకి మొబైల్ ప్లాన్ తెచ్చింది, 2021 డిసెంబర్‌లో దాన్ని 149 చేసింది. (నేను ఇరుక్కున్న యాప్ అది కాదులెండి.) అంటే తగ్గిన రేటు ఒక మనిషికి, ఒక ఫోన్‌కి. ఇంటికి కాదు.

సరే, ఇప్పుడు కేబుల్ లెక్క చూద్దాం. 2019 ఫిబ్రవరిలో ట్రాయ్ కొత్త రూల్ అమల్లోకి వచ్చింది గుర్తుందా? ఏ ఛానెల్ కావాలో మీరే ఎంచుకోండి అని టీవీ నిండా స్క్రోలింగ్‌లు, ఇంటింటా గందరగోళం. నేనూ తిట్టుకున్నా. కానీ అందులో ఒక మంచి సంగతి ఉంది. ప్రతి పే ఛానెల్‌కీ ఎమ్మార్పీ ప్రకటించాలి, విడిగా అడిగితే ఇవ్వాలి. 19 రూపాయలు దాటితే ఆ ఛానెల్‌ని ప్యాక్‌లో కలపకూడదు. అందుకే స్టార్ మా, జెమిని, జీ తెలుగు మూడూ సరిగ్గా 19 దగ్గరే ఆగాయి! అప్పట్లో వంద ఛానెళ్ళకి నెట్‌వర్క్ ఫీజు గరిష్ఠంగా 130. ఈ మూడూ కలిపితే 187, 18 శాతం జీఎస్టీతో 220 రూపాయల 66 పైసలు. ప్యాక్‌ల పేరుతో అక్కర్లేని ఛానెళ్ళు అంటగట్టారు, అది వేరే కథ. కానీ మా అమ్మ "నాకు జీ తెలుగు ఒక్కటే చాలు" అనగలదు. అది ఆమె హక్కు.

యాప్‌ల దగ్గర ఆ మాట చెల్లదు. ట్రాయ్ ఛానెల్ రేట్ల రూల్ ఓటీటీకి వర్తించదు. స్టార్ మా సీరియళ్ళకి జియోహాట్‌స్టార్, జీ తెలుగుకి జీ5, జెమినికి సన్ నెక్స్ట్, ఈటీవీకి ఈటీవీ విన్. రిమోట్‌లో నాలుగు నంబర్లు నొక్కే పనికి నాలుగు యాప్‌లు, నాలుగు లాగిన్‌లు, నాలుగు ఆటోపేలు. ఓటీపీలన్నీ నా ఫోన్‌కే. యాప్‌లు దండగ అనట్లేదు. 2020లో ఆహా మొదలైనప్పుడు ఏడాదికి 365 రూపాయలంటే ఎగిరి గంతేసి తీసుకున్నవాళ్ళలో నేనూ ఉన్నా. కానీ డబ్బులు పెట్టినా యాడ్స్ తప్పట్లేదు. 2025 జూన్ నుంచి ప్రైమ్ వీడియోలోనూ యాడ్స్, వద్దంటే ఇంకో 699 కట్టమన్నారు అప్పుడు. ఈ సినిమా మనం కేబుల్‌లో చూసేశాం కదా!

ఇంకోటి. 2025 ఆగస్టులో రామంతాపూర్ రథయాత్రలో కరెంట్ షాక్‌తో మనుషులు చనిపోయాక, హైదరాబాద్‌లో కరెంట్ స్తంభాల మీది కేబుళ్ళు కోసేశారు. చాలా చోట్ల టీవీ పోయింది, నెట్ కూడా పోయింది. కేబుల్ పాతది, ఫైబర్ కొత్తది అని నేను అమ్మకి చెప్పిన రెండూ ఒకే స్తంభానికి వేలాడుతున్నాయి.

పక్కింట్లో అమ్మని చూసిన ఆ వారమే కేబుల్ అన్నకి ఫోన్ చేశా. కొత్త డబ్బా పట్టుకొచ్చాడు. "ఏ ప్యాక్ ఎయ్యాలె తమ్మీ?" అని నన్ను అడిగాడు. నాకేం తెలుసు, అమ్మని అడగమన్నా. అమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టింది, నాలుగు దాటలేదు. కాసేపాగి, "వెంకన్న ఛానెల్‌కి ఎంత?" అంది.

"ఎస్వీబీసీ ఫ్రీయేనమ్మా" అన్నాడు అన్న.

మీ ఇంట్లో ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తుందో ఇవాళ ఒకసారి చూసుకోండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.