బడిలో ఏమి జరుగుచున్నది?

సాయంకాలము బడినుండి వచ్చిన పిల్లవానిని "ఈ రోజు ఏం చేశావురా?" అని అడుగని ఇల్లు లేదు. "ఏం లేదు" అను సమాధానము వినని ఇల్లును లేదు. సామాన్యమైన బడికి పోవు పిల్లవాని విషయమున ఈ సమాధానమువలన వచ్చు చిక్కు ఏమియు లేదు. సంచిలో నోటు పుస్తకములున్నవి. వానిపై ఎఱ్ఱ సిరా గుర్తులున్నవి. పరీక్ష కాగానే మార్కుల పట్టిక వచ్చును. పిల్లవాడు చెప్పకపోయినను కాగితము చెప్పును. మాంటిస్సోరి పద్ధతి ననుసరించు ప్రాథమిక తరగతిలో, అనగా ఆరు మొదలు పండ్రెండేండ్ల వయసు పిల్లలు చదువుకొను తరగతిలో, ఈ కాగితము లేదు. మార్కులు లేవు, ర్యాంకులు లేవు. దినదినము సంచిలో మోసికొనివచ్చు పాఠ్యపుస్తకమును లేదు. అచ్చటి పిల్లవాడు "ఏం లేదు" అనెనా, తల్లిదండ్రుల చేతికి చిక్కునది నిజముగానే ఏమియు లేదు.

రేడియోలో పనిచేయు మాకు మౌనమునుగూర్చి కొంత తెలియును. ప్రసారములో పది సెకన్లు శబ్దమాగిపోయినచో, వీరేదో ఆలోచించుచున్నారు కాబోలునని ఏ శ్రోతయు ఓపిక పట్టడు. కేంద్రములో ఏదో చెడినదనుకొని మీట త్రిప్పును. బడి మౌనము వహించినపుడు కుటుంబములోను ఇదియే జరుగుచున్నది.

మా ఇంట జరిగిన సంగతియే చెప్పెదము. మావాడు ఏడేండ్లవాడు. అట్టి తరగతిలో చేరి ఒక సంవత్సరమైనది. మా తండ్రిగారు ముప్పది యేండ్లకు పైగా ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పి విరమించినవారు. ఒకనాటి రాత్రి భోజనముల వేళ ఆయన మనుమని "ఏడెనిమిదులెంతరా?" అని అడిగిరి. వాడు కంచము వంక చూచుచు కూర్చుండెను. "పోనీ, ఏడారులు?" కొంతసేపటికి "నలభై రెండు" అని వచ్చినది. ఆ తరువాత, ఎవరును అడుగకయే, వాడు తల యెత్తి "తాతయ్యా, గడియారంలో మనం మూడు సెకన్లే, తెలుసా?" అనెను. ఆ మాట మా కెవ్వరికిని బోధపడలేదు. మా తండ్రిగారు చేయి కడుగుకొని లేచి, "ఏడాదికి నేర్చుకున్నది ఇదన్నమాట" అనిరి. పై సంవత్సరము వానిని వేరొక బడిలో చేర్పించవలెనను మాట ఆ రాత్రియే మా ఇంట పుట్టినది. రెండు దినములలో దరఖాస్తు కాగితము కూడ తెచ్చి బల్లమీద నుంచితిమి.

ఆ బడివారు మాకేమియు తెలుపలేదనుట న్యాయము కాదు. ప్రతిదినము మా ఫోనునకు ఛాయాచిత్రములు వచ్చుచుండెడివి. చాపమీద వంగి కూర్చున్న పిల్లలు, రంగురంగుల పూసలు, ఒకరి భుజముపై ఒకరు చేయి వేసికొని నవ్వుచున్న మొగములు. చూచుటకు ముచ్చటగానే యుండును. కాని ఆ పూసలతో ఏమి చేయుచున్నారో చిత్రము చెప్పదు. ఆరు మాసములకు ఒక నివేదిక వచ్చినది. అందులో మావాడు తన పనియందు ఆనందము పొందుచున్నాడనియు, పరిసరములతో సామరస్యముగా మెలగుచున్నాడనియు, అతని ఆసక్తులు వికసించుచున్నవనియు వ్రాసియున్నారు. మా తండ్రిగారు పాత అలవాటు చొప్పున ఎఱ్ఱ పెన్సిలు తీసి, ప్రతి వాక్యము క్రిందను ఒక గీత గీచి, ప్రక్కన "ఎంత?" అని వ్రాసిరి. మేము అప్పుడు నవ్వితిమి గాని, ఆ ప్రశ్న సరియైనదే.

ఈ పద్ధతి పుట్టిన చోట ఇట్టి చిక్కు లేకుండెను. 1907 జనవరి 6వ తేదీన రోము నగరములో సాన్ లొరెంజో అను పేదల పేటలో మేరియా మాంటిస్సోరి మొదటి శిశుగృహమును తెరచిరి. అది వేరుగా కట్టిన బడి కాదు. కూలినాలి చేసికొను కుటుంబములు కాపురముండు పెద్ద భవనములోనే ఒక గది. తల్లిదండ్రులు పనికి పోయినపుడు మెట్లమీద, గోడలమీద అల్లరి చేయుచున్న చిన్నపిల్లలకొరకు ఆ భవనము బాగుచేయించిన సంస్థవారు ఏర్పాటు చేసినది. ఉపాధ్యాయినియు ఆ భవనములోనే నివసింపవలెను. తల్లులు ఏ వేళనైనను వచ్చి చూడవచ్చును. అంతేకాదు, వారమున కొకసారియైనను తల్లి ఆమెతో మాట్లాడవలెనని నియమావళిలోనే వ్రాసిపెట్టిరి. ఇంటి సంగతులు తల్లి చెప్పవలెను, బడి సంగతులు ఉపాధ్యాయిని చెప్పవలెను. నీళ్లకు పోవునపుడు ఎదురుపడు మనుష్యులకు నివేదికలెందుకు? నేడు బడి ఊరి కొక కొనను, ఇల్లు మరియొక కొనను. పిల్లలను తెల్లవారగనే పసుపుపచ్చని బస్సు తీసికొనిపోవును, సాయంకాలము దింపిపోవును. ఆ బస్సు డ్రైవరు తప్ప బడికి సంబంధించిన మనిషిని నెలల తరబడి చూడని తల్లిదండ్రులు గలరు. మేమును అట్టి వారమే.

మా శ్రీమతి పట్టుపట్టుటచే, దరఖాస్తు పంపుటకు ముందు ఒకసారి తరగతి చూచి రావలెనని నిశ్చయించుకొంటిమి. మా తండ్రిగారును వచ్చిరి. ఉపాధ్యాయిని మమ్ము గుమ్మము వద్దనే ఆపి, పిల్లలతో మాటలాడవలదనియు, మీవానిని పిలువవలదనియు, ఒక గంటసేపు కదలక చూడుడనియు చెప్పి, గోడ ప్రక్కన మూడు చిన్న కుర్చీలు చూపినది. చిన్న కుర్చీలన్నచో మిక్కిలి చిన్నవి. మా తండ్రిగారి మోకాళ్లు గడ్డమును తాకుచుండెను.

ఆరు మొదలు తొమ్మిదేండ్ల వరకు గల పిల్లలు అచ్చట కలిసియే యున్నారు. ఉదయము సుమారు మూడు గంటలు గంట కొట్టరు; ఎవరు ఎత్తుకొన్న పని వారు చేసికొనుచుందురు. ఒక పిల్ల తెలుగు వాక్యమును కాగితపు పట్టీపై వ్రాసి, ఒక్కొక్క పదము పైన ఒక్కొక్క రంగుబిళ్ల ఉంచుచున్నది. నామవాచకమునకు నల్లని త్రికోణము, విశేషణమునకు నీలపు త్రికోణము, క్రియకు ఎఱ్ఱని వలయము. ఆమె మూడు వాక్యములు చేసినది, మూడింటను ఎఱ్ఱ వలయము చివరనే వచ్చి నిలిచినది. నాలుగవ వాక్యము ఇంగ్లీషుది. వలయము నడుమకు జరిగినది. ఆ పిల్ల పట్టీలను రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టుకొని చాలసేపు చూచినది. పట్టభద్రులమైన మేము ఈ రెండు భాషలలోని ఈ భేదమును ఇంత తేటగా ఎన్నడును కంటితో చూచి యెరుగము.

మావాడు వసారాలో ఉన్నాడు. వాని ముందు నేలపై తెల్లని పూసల గొలుసు గోడ పొడుగునను సాగియున్నది. ఏడేసి పూసలు ఒక తీగకు గ్రుచ్చినవి. అట్టి తీగలు నలుబది తొమ్మిది. మొత్తము 343 పూసలు. వాడు ఒక్కొక్క పూసను వ్రేలితో తాకి లెక్కించుచు, ప్రతి తీగ చివరను అంకె వ్రాసిన చిన్న చీటీ నుంచుచున్నాడు. 7, 14, 21. 49 వద్ద ఆగి, ఏడు తీగలు కలిపి చేసిన చదరమును ఒకదానిని తెచ్చి ప్రక్కన పెట్టెను. తరువాత 56. మా తండ్రిగారు మా మోచేయి పట్టుకొని, నియమము మరచి, గుసగుసగా "ఏడెనిమిదులు!" అనిరి. వాడు వినలేదు. 63 వద్ద తప్పు చీటీ పెట్టెను, అది 70. రెండు చీటీలు ముందుకు పోయిన తరువాత లెక్క కుదరకపోవుటచే వెనుకకు వచ్చి తానే సవరించుకొనెను. ఎవరును వానికి తప్పని చెప్పలేదు. గొలుసు చివరకు చేరుటకు వానికి నలుబది నిమిషములు పట్టినది. మా తండ్రిగారు తిరిగి కుర్చీలోనికి పోలేదు. ఆ నలుబది నిమిషములును గుమ్మమున కానుకొని నిలువబడి చూచిరి.

తరువాత ఉపాధ్యాయినితో మాటలాడితిమి. మా తండ్రిగారు సూటిగానే అడిగిరి: "పూసలు సరే. ఎక్కం నోటికి రావాలా, వద్దా?" ఆమె తడబడలేదు. "రావాలండి. దానికి వేరే పలకలు, పట్టికలు ఉన్నాయి. మీవాడు ఆరు వరకు వచ్చాడు. ఏడు, ఎనిమిది రాలేదు. ఈ వయసుకి కొంచెం వెనకే. ఆ మాట మీకు నేను ముందే చెప్పి ఉండాల్సింది" అనినది. ఆ చివరి వాక్యము విన్నప్పుడు మా మనస్సులోని బరువు సగము దిగిపోయినది. ఒక సంవత్సరముపాటు వచ్చిన ఛాయాచిత్రము లన్నియు చేయలేని పనిని ఆ ఒక్క మాట చేసినది.

గడియారమును గూర్చి మేమడిగితిమి. ఆమె గోడకు తగిలించిన ఒక వలయమును చూపినది. భూమి పుట్టి సుమారు 460 కోట్ల సంవత్సరములైనది. ఆ కాలమునంతను పండ్రెండు గంటల గడియారముగా భావించి రంగులు వేసిరి. ఆ లెక్కన ఒక్క సెకను లక్ష సంవత్సరములకు పైమాట. మన మానవజాతి వయసు సుమారు మూడు లక్షల సంవత్సరములు. కనుక మూడు సెకన్లు! మావాడు భోజనమువద్ద చెప్పినది అక్షరాల నిజము. వాడు ఆనాడు బడిలో విన్న సంగతులలోకెల్ల గొప్పదానిని ఇంటికి తెచ్చి తాతగారి చేతిలో పెట్టెను. దానిని తెరచుటకు తాళపుచెవి మా వద్ద లేకపోయినది.

ఆరేండ్లు దాటిన పిల్లలకు ఇట్లు సమస్త విశ్వమును ఒక్క కథగా ముందుంచు పద్ధతి మన దక్షిణదేశముననే రూపు దిద్దుకొనినదని శ్రోతలు ఎరుగుదురో లేదో. మాంటిస్సోరి 1939లో మద్రాసులోని అడయారునకు వచ్చిరి. నాడు మన కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రములోనివే. ఆమె మొదటి శిక్షణ తరగతికి సుమారు 300 మంది హాజరైరి. 1940లో ఇటలీ యుద్ధములో దిగగా, ఆమె కుమారుడు మారియోను శత్రుదేశీయుడని ప్రభుత్వమువారు కొంతకాలము నిర్బంధించిరి. ఆమె సంచారమునకును ఆంక్షలు కలిగెను. ఆ యుద్ధకాలమున తల్లీకొడుకులు కొడైకెనాల్ కొండపై నుండి, వేర్వేరు వయసుల పిల్లల నడుమ ఈ పెద్ద పిల్లల చదువును విస్తరింపజేసిరి. దానిని వివరించు ఆమె గ్రంథము 1948లో మద్రాసుననే అచ్చుపడినది. అటుపిమ్మట మన పట్టణములలో ఆమె పేరు పెట్టుకొన్న బడులెన్నియో వెలసినవి. ఆ పేరును ఎవరైనను పెట్టుకొనవచ్చును గనుక, బోర్డు చూచి లోపల పూసల గొలుసు ఉన్నదనుకొనుట పొరపాటు. వెళ్లి చూచుట యొక్కటే మార్గము.

మా సందర్శనము తరువాత ఆ బడిలో కొన్ని మార్పులు వచ్చినవి. ఇట్లు కలతపడిన ఇల్లు మాదొక్కటియే కాదని తరువాత తెలిసినది. ఒక శనివారము సాయంకాలము తల్లిదండ్రుల నందరను పిలిచి, ఉపన్యాసము చెప్పక, పిల్లల చాపలమీదనే కూర్చుండబెట్టి, అంకెల బిళ్లలతో భాగహారము చేయించిరి. ఒక బ్యాంకు ఉద్యోగి శేషము తేలక రెండుసార్లు మొదటినుండి చేసెను. ఈ తరగతిలోని ప్రతి పిల్లవాడును తాను చేసిన పనిని, మొదలిడిన వేళను, ముగించిన వేళను ఒక దినచర్య పుస్తకములో వ్రాసికొనును. వారమున కొకసారి ఉపాధ్యాయిని వానితో కూర్చుండి ఆ పుస్తకము చూచును. ప్రభుత్వమువారు ఆ తరగతి కేర్పరచిన పాఠ్యప్రణాళికను కూడ ముందుంచుకొని, ఏది వచ్చినది, ఏది మిగిలినది వానిచేతనే చెప్పించును. ఇంతటి స్పష్టమైన లెక్క గదిలో ఉండగా ఇంటికి ఛాయాచిత్రములు పంపుచుండుట వింతయే. ఇప్పుడు నెల కొకసారి ఆ పుస్తకము ఇంటికి వచ్చుచున్నది, పిల్లవాని అనుమతితో. ఈ అనుమతి మాట మొదట మాకు నచ్చలేదు. ఏడేండ్లవానికి అనుమతి ఏమిటని అనుకొంటిమి. కాని వాడు పుస్తకము తెచ్చి, తానే పుట త్రిప్పి, "ఇది సగంలో వదిలేశాను, విసుగు పుట్టింది" అని చెప్పిన దినమున మేము మాట వెనుకకు తీసికొంటిమి. అడుగకుండ మేము సంచి వెదకియుండినచో ఆ పుట మాకు కనబడునేమో గాని, ఆ మాట వినబడదు.

తెలుపవలసినది బడి ఒక్కటియే కాదు. మావాని చెల్లెలు పుట్టిన మాసములో వాడు రాత్రులు సరిగా నిద్రపోలేదు. ఆ సంగతి మేము బడికి చెప్పనే లేదు. ఆ మాసములోనే వాడు ఎక్కముల పలకను ముట్టుట మానినాడని దినచర్య పుస్తకమునుబట్టి తరువాత తెలిసినది.

ఇప్పుడు సాయంకాలము మేము "ఏం చేశావు?" అని అడుగుట మానితిమి. "ఎవరి పక్కన కూర్చున్నావు?" అనియో, "ఈ రోజు గొలుసు ఎంతదాకా వచ్చింది?" అనియో అడుగుచున్నాము. కొన్ని దినములు సమాధానము వచ్చును, కొన్ని దినములు రాదు. ఎక్కములు మా తండ్రిగారి వంతు. రాత్రి భోజనము కాగానే వసారాలో మనుమని కూర్చుండబెట్టుకొని, పాత వీధిబడి రాగములో ఏడవ ఎక్కము చెప్పించుచుందురు. ఉపాధ్యాయిని దీనికి అభ్యంతరము చెప్పలేదు; రాగముతో చెప్పించుడనియే అనినది.

పోయిన వారము ఆమెనుండి కొత్త నివేదిక వచ్చినది. అర పుట. ఏడవ ఎక్కము వచ్చినది. ఎనిమిదవది నడుచుచున్నది. భాగహారములో శేషము వ్రాయుట మరచుచున్నాడు. నదుల పటము గీయుటలో ఇద్దరు చిన్నపిల్లలకు సాయపడెను. ఒకనితో పెన్సిలు విషయమున తగవుపడి, మూడు దినములు మాటలాడక, నాలుగవనాడు తానే పలుకరించెను. మా తండ్రిగారు దానిని కళ్లజోడు సవరించుకొని రెండుసార్లు చదివిరి. ఎఱ్ఱ పెన్సిలు జేబులోనే యున్నది. శేషము మరచుటను గూర్చిన వాక్యము వద్ద వ్రేలుంచి, "రేపు ఆదివారమే కదా, భాగహారాలు తీద్దాం" అనిరి.